మోదుగచెట్టు పంచాంగం

పిల్లలూ, పండుగ ఏ రోజున వస్తుందో, వానకారు ఎప్పుడు మొదలవుతుందో తెలియాలంటే పెద్దవాళ్ళు పంచాంగం విప్పి చూస్తారు. మీ ఊరి బయట ఇంకొక పంచాంగం కూడా ఉన్నది. దానికి అట్టలు లేవు, కాగితాలు లేవు. ఆకులూ, మొగ్గలూ, పువ్వులూ, కాయలే దాని అక్షరాలు. ఏడాది పొడుగునా అది ఒక్కొక్క పేజీ తిప్పుకుంటూ పోతుంది. కాని చాలామంది దాని పక్కనుంచే బడికి పోతూ, వస్తూ కూడా ఒక్క పేజీ అయినా చదవరు. ఆ పంచాంగం ఏమిటంటే, చెట్టు. అందులోనూ ఈ నెల మీకు చెప్పబోయేది మోదుగచెట్టు సంగతి.

తెలంగాణలో సంగారెడ్డి జిల్లాలో నారాయణఖేడ్ అనే పట్టణం ఉన్నది. 2016 దాకా ఇది మెదక్ జిల్లాలో ఉండేది. దానికి పడమటి దిక్కున కర్ణాటకలోని బీదరు జిల్లా. ఉత్తరంగా కొంతదూరం పోతే మహారాష్ట్ర. బాలాఘాటు కొండల్లో పుట్టిన మంజీర నది బీదరు జిల్లా మీదుగా వచ్చి, ఈ ప్రాంతాన్ని చుట్టుకుని, ఉత్తరానికి మళ్ళి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. నల్లరేగడి చేలూ, ఎర్రనేలలూ, రాళ్ళగుట్టలూ, బీళ్ళూ, చెరువుగట్లూ, ఇవీ అక్కడి భూములు. ఆ బీళ్ళలోనూ, గట్లమీదా, అడవి అంచునా కనిపించే చెట్టు మోదుగ. పల్లెల్లో దీన్ని మోతుకు అని కూడా అంటారు.

మూడు భాషలు కలిసే చోటు గనక, ఈ చెట్టుకు ఆ చుట్టుపక్కల పేర్లు చాలా ఉన్నవి. కన్నడం వాళ్ళు ముత్తుగ అంటారు. మరాఠీ వాళ్ళు పళస్ అంటారు. హిందీ, ఉర్దూ మాట్లాడేవాళ్ళు చెట్టును పలాశ్ అనీ, ఢాక్ అనీ, పువ్వును టేసూ అనీ అంటారు. సంస్కృతంలో పలాశం, కింశుకం. 1757లో క్లైవు యుద్ధం చేసిన ప్లాసీ అనే ఊరికి ఆ పేరు ఈ పలాశవృక్షాల నుంచే వచ్చిందని చెపుతారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు బ్యూటియా మోనోస్పెర్మా. మోనోస్పెర్మా అంటే ఒకే గింజ గలది అని అర్థం. ఆ పేరు ఎందుకు వచ్చిందో కాస్సేపట్లో మీకే తెలుస్తుంది.

ఈ ఏడు ముందే పూసిందా?

మాఘమాసం పోయి ఫాల్గుణం వచ్చేసరికి ఎండలు ముదురుతాయి. గడ్డి ఎండిపోయి బీళ్ళన్నీ గోధుమరంగు తిరుగుతాయి. సరిగ్గా ఆ సమయంలో మోదుగచెట్లు ఒక్క ఆకు అయినా లేకుండా, కొమ్మ కొమ్మకూ నిప్పులు అంటించినట్టు ఎర్రగా పూస్తాయి. దూరంనుంచి చూసేవాళ్ళకు అడవి మండుతున్నదేమో అనిపిస్తుంది.

అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు, "ఈ ఏడు మోదుగ ముందే పూసిందే!" అంటారు. ఇంకొకరు, "ముందేమిటి? పోయిన ఏడు కూడా ఇట్లాగే పూసింది గదా!" అంటారు. తాత, "మా చిన్నప్పుడు కాముని పున్నమికి గాని పూసేది కాదు," అంటాడు. ముగ్గురూ అబద్ధం ఆడేవాళ్ళు కారు. అయినా ముగ్గురిలో ఎవరి మాట నిజమో తేల్చటం ఎవరి తరమూ కాదు. ఎందుకంటే పోయిన ఏడు మొదటి పువ్వు ఏ రోజున విచ్చిందో ఎవరూ రాసిపెట్టలేదు. పువ్వు రాలిపోయింది, దానితోపాటే తేదీ కూడా పోయింది.

ఇది చిన్న తగాదాలాగా కనిపిస్తుంది గాని, చిన్నది కాదు. భూమి వేడెక్కుతున్నదనీ, పందొమ్మిదో శతాబ్దం చివరినుంచీ ఇప్పటికి సగటున ఒక డిగ్రీకి పైగా పెరిగిందనీ శాస్త్రజ్ఞులు లెక్కలు కట్టారు. అయితే ఆ వేడికి మన బీటిలో ఉన్న చెట్టు ఏం చేస్తున్నది? ముందుగా పూస్తున్నదా? ఆలస్యంగా చిగురిస్తున్నదా? ఏ మార్పూ లేదా? దీనికి జవాబు ఆకాశంలో తిరిగే ఉపగ్రహంకంటె, ఆ చెట్టు కిందనుంచి వారం వారం నడిచిపొయ్యే పిల్లవాడే బాగా చెప్పగలడు, వాడి దగ్గర ఒక పుస్తకం, పెన్సిలు ఉంటే.

చెట్టు ఎందుకు మోడవుతుంది?

మోదుగ సంవత్సరాన్ని కార్తికమాసం నుంచి చూదాం. వానలు వెనుకబట్టిన రోజులవి. చెట్టు నిండా దళసరి ఆకులు ఉంటాయి. మోదుగాకు ఒక్కటిగా ఉండదు. ఒక కాడకు మూడు రెక్కలు: రెండు అటూ ఇటూ, మూడోది కొసన, కాస్త పెద్దది. ఉత్తరదేశంలో ఎంత ప్రయత్నించినా మార్పు రాని సంగతిని "ఢాక్ చెట్టుకు మూడే ఆకులు" అని సామెతగా చెపుతారు. ఈ ఆకులనే ఎండబెట్టి, పుల్లలతో కుట్టి విస్తరాకులు చేస్తారు. మీరు వీటిలో పెళ్ళిభోజనం చేసే ఉంటారు.

పుష్యమాసానికి ఆకులు రంగు మారి, ఒక్కొక్కటే రాలటం మొదలుపెడతాయి. మాఘమాసానికి చెట్టు మోడుగా తయారవుతుంది. తెలియనివాళ్ళు "ఎండిపోయింది, పాపం!" అనుకుంటారు. నిజానికి చెట్టు బతకటంకోసమే ఆ పని చేస్తున్నది. ఎట్లాగో తెలుసుకోవాలంటే ఒక చిన్న ప్రయోగం చెయ్యండి.

పచ్చని ఆకులున్న ఏ చెట్టుకైనా సరే, ఎండ తగిలే ఒక చిన్న రెమ్మను ఎన్నుకోండి. దానికి లోపలిది కనిపించే పాలిథిన్ సంచి తొడిగి, మూతి దారంతో బిగించి కట్టండి. రెండు గంటలు పోయినాక వచ్చి చూస్తే సంచి లోపలివైపు నీటిచుక్కలు కనబడతాయి. ఆ నీళ్ళు ఎవరూ పోసినవి కావు. వేళ్ళు నేలలోనుంచి తాగినవే కొమ్మల్లోకి ఎక్కి, ఆకులకుండే కంటికి కనబడని రంధ్రాల్లోనుంచి ఆవిరిగా బయటికి వచ్చాయి. చూసినాక సంచి తీసెయ్యటం మరిచిపోకండి, రెమ్మ ఉడికిపోతుంది. ఇట్లాటి సంచినే మాఘమాసంలో ఆకులు రాలిన మోదుగకొమ్మకు కట్టి చూడండి. నీరు ఎంత తక్కువో మీకే తెలుస్తుంది.

రెండు గంటల్లో ఒక్క చిన్న రెమ్మనుంచే అన్ని చుక్కలు పోతే, చెట్టంతా కలిసి రోజుకు ఎంత నీరు పోతుందో ఆలోచించండి. వానలు పడే రోజుల్లో చెట్టుకు ఆ ఖర్చు లెక్కలేదు. నారాయణఖేడ్ వైపు ఏడాది వానలో అధికభాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడిపోతుంది. ఆ తరువాత నెలల తరబడి ఆకాశం నుంచి రాబడి లేదు. రాబడి లేనప్పుడు తెలివిగల గృహస్థు ఏం చేస్తాడు? ఖర్చు తగ్గించుకుంటాడు. చెట్టుకూడా అంతే. ఆకులను వదిలేసేముందు వాటిలోని పోషకపదార్థాలను కొంతవరకు కొమ్మల్లోకి వెనక్కు లాక్కుంటుంది. ఆ తరువాతనే కాడ దగ్గర ఒక పొర ఏర్పడి, ఆకు ఊడిపోతుంది. చెట్టు పారేసేది ఖాళీ సంచినే అన్నమాట.

చిలకముక్కు పువ్వు

ఆకులు రాలిన కొమ్మల చివర, ముదురుగోధుమరంగు మొగ్గలు గుత్తులు గుత్తులుగా కనిపిస్తాయి. వేలితో తాకితే మఖమల్ గుడ్డలా మెత్తగా ఉంటాయి. ఆ చీకటిరంగు గుల్లలోనుంచి నారింజ, ఎరుపు కలిసిన రంగు పువ్వు బయటికి వస్తుంది.

కింద రాలిన పువ్వును ఒకదాన్ని తీసి చేతిలో పెట్టుకుని చూడండి. ఐదు రేకులుంటాయి. వెనుక ఒకటి పెద్దదిగా లేచి ఉంటుంది. అటూ ఇటూ రెండు. ముందర రెండు రేకులు కలిసి వంపు తిరిగి, అచ్చం చిలకముక్కులా ఉంటాయి. పూర్వం సంస్కృతకవులు దీన్ని చూసి "కిం శుక?" అన్నారట, అంటే "ఇది చిలకా ఏమి?" అని. కింశుకం అనే పేరుకు పండితులు చెప్పే అర్థం అదే. కందులూ, పెసలూ, చిక్కుడూ కూడా ఈ కుటుంబంలోవే. చిక్కుడుపువ్వును దీని పక్కన పెట్టి పోల్చి చూస్తే అన్నదమ్ముల పోలిక కనబడుతుంది.

వాసన చూడండి. మల్లెపువ్వులాగా ఘుమఘుమలాడదు. వాసన లేని పువ్వు అతిథులను ఎట్లా పిలుస్తుంది? రంగుతో పిలుస్తుంది. దీని అతిథులు ముఖ్యంగా పక్షులు. పక్షులకు వాసనకంటె చూపు ముఖ్యం. ఆకులు అడ్డం లేవు గనక, ఎరుపురంగు ఎంతో దూరంనుంచి కనబడుతుంది. నల్లగా నిగనిగలాడే చిన్న తేనెపిట్ట వచ్చి పువ్వులో ముక్కు దూర్చుతుంది. అప్పుడు చిలకముక్కులో దాగి ఉన్న కేసరాలు దానికి తగిలి, పుప్పొడి అంటుకుంటుంది. పిట్ట ఇంకొక చెట్టుమీదికి ఎగిరినప్పుడు ఆ పుప్పొడి అక్కడి పువ్వుకు చేరుతుంది. గోరువంకలూ, కాకులూ, చిలకలూ కూడా వస్తాయి. ఉడుతలు కూడా కొమ్మలవెంట పరుగులుతీస్తూ పువ్వు పువ్వుకూ మూతి పెడతాయి. వచ్చిన వాళ్ళందరూ చెట్టుకు మేలు చేసేవాళ్ళు కారు. కొందరు పువ్వునే కొరికి పారేస్తారు, కొందరు తేనె తాగి పుప్పొడి మొయ్యకుండానే పోతారు. ఎవరు ఏం చేస్తున్నారో ఒక అరగంట కదలకుండా కూర్చుని చూడండి. పట్టణంలో ఎన్ని డబ్బులు పోసి టిక్కెట్టు కొన్నా అంత మంచి ఆట కనబడదు.

ఎండాకాలం మొదట్లో తేనె దొరికే చెట్లు తక్కువ. అందుకని ఈ పువ్వుల మీద ఆధారపడిన ప్రాణులు చాలా ఉన్నవి. చెట్టు మరీ ముందుగానో, మరీ ఆలస్యంగానో పూస్తే, పువ్వులకు పిట్టలు అందవు, పిట్టలకు పువ్వులు అందవు. పువ్వు తేదీ రాసిపెట్టటం ఎందుకు అవసరమో ఇప్పుడు ఇంకొంచెం తెలిసిందిగదా!

రంగులు దుకాణాల్లో డబ్బాల్లో దొరకని కాలంలో హోళీ ఆడేందుకు ఈ పువ్వులే ఆధారం. నీళ్ళలో వేసి కాస్తే పసుపు, నారింజ కలిసిన మంచి రంగు దిగుతుంది. ఇప్పటికీ చాలా పల్లెల్లో ఆ ఆచారం ఉన్నది. మీరు చేసుకోదలిస్తే రాలిన పువ్వులనే ఏరుకోండి, పొయ్యి దగ్గర పని పెద్దవాళ్ళకు వదిలిపెట్టండి.

ఎండలో చిగురు

ఇక అన్నిటికంటె పెద్ద చిక్కుప్రశ్న. పువ్వులు రాలిపోయినాక, ఏప్రిల్, మే నెలల్లో మోదుగ చిగురు వేస్తుంది. మొదట లేత రంగులో, మెత్తని నూగుతో, వేలాడుతూ వచ్చిన ఆకులు కొద్ది వారాల్లోనే పచ్చబడి దళసరి అవుతాయి. ఆ రోజులు ఎట్లాటివో మీకు తెలుసు. బావుల్లో నీరు అడుగంటుతుంది. మధ్యాహ్నం బయటికి పోతే చెవుల్లో నిప్పులు పోసినట్టుంటుంది. వాన చుక్క పడదు. ఆకులు నీళ్ళు ఖర్చు పెడతాయని ఇందాకనే చూశాం. మరి అంత కరువులో చెట్టు కొత్త ఆకులను ఎట్లా పోషిస్తుంది? అసలు వానలు పడేదాకా ఎందుకు ఆగదు?

మొదటి ప్రశ్నకు జవాబు నేలలోపల ఉన్నది. పైన ఒక మూరెడు మట్టి ఎండి బీటలు వారినా, లోతుగా పోయిన వేళ్ళకు అడుగున ఇంకా తడి దొరుకుతుంది. పైగా ఆకులు రాల్చి ఖర్చు ఆపుకున్నందువల్ల, చెట్టు తాగిన కొద్ది నీరే బొదెలోనూ, కొమ్మల్లోనూ నిలవపడుతుంది. ఆ నిలవతోనే మొగ్గలూ, చిగుళ్ళూ విచ్చుకుంటాయి. మాఘంలో మోడుగా కనిపించిన చెట్టు లోపల లోపల కూడబెడుతూనే ఉన్నది.

రెండో ప్రశ్నకు శాస్త్రజ్ఞులు రెండు కారణాలు చెపుతారు. వానలు పడగానే నేలా, గాలీ పురుగులతో నిండిపోతాయి. లేత ఆకంటే పురుగులకు పాయసం. అందుకని అవి పుట్టేలోపలే ఆకులు ముదిరి గట్టిపడితే చెట్టుకు నష్టం తక్కువ. ఇంకొకటి: ఆకు అంటే చెట్టుకు వంటిల్లు. సూర్యకాంతితో, నీటితో, గాలిలోని బొగ్గుపులుసు గాలితో ఆహారం తయారయ్యేది అక్కడే. మన వానకారు నాలుగు నెలలే. మొదటి వాన పడిన తరువాత పొయ్యిరాళ్ళు వెతుక్కునేవాడికి సగం కారు అయిపోతుంది. ముందే వంటిల్లు సిద్ధం చేసుకున్నవాడు మొదటి రోజునుంచే వండుకుంటాడు.

అయితే వానలు వస్తున్నాయని చెట్టుకు ఎవరు చెపుతారు? దానికి కళ్ళు లేవుగాని, వెలుతురు ఎంతసేపు ఉన్నదో తెలుసుకునే శక్తి ఉన్నది. నారాయణఖేడ్‌లో డిసెంబరు చివర పగలు సుమారు 11 గంటలు. జూన్ చివర 13 గంటల పైచిలుకు. చాలా మొక్కల ఆకుల్లోనూ, మొగ్గల్లోనూ ఉండే ఒకరకమైన వర్ణపదార్థం ఈ తేడాను కనిపెడుతుంది. దీనితోపాటు ఎండ వేడి, నేలలోని తడి కూడా చెట్టుకు జాబులు అందిస్తాయి. ఈ మూడింటిలో వెలుతురు లెక్క ఏటా ఒక్కటే, అందులో మార్పు రాదు. వేడీ, తడీ మాత్రం ఏడాదికి ఒకరకంగా మారుతుంటాయి. అందుకే పువ్వు తేదీ కూడా కొంచెం ముందూ, వెనుకా అవుతుంది.

ఒక్క గింజ రెక్క

పువ్వులు రాలేసరికి లేతపచ్చ కాయలు బయటపడతాయి. అవి బల్లపరుపుగా, జానెడుకు కాస్త తక్కువ పొడుగున, నాలుకల్లాగా వేలాడుతుంటాయి. ఎండి గోధుమరంగు తిరిగిన కాయను తీసి చూడండి. చిక్కుడుకాయలోలాగా వరుసగా గింజలుంటాయనుకుంటే పొరపాటు. కాయ కొసన ఒకే ఒక గింజ ఉంటుంది. తక్కినదంతా పల్చని రెక్క. మోనోస్పెర్మా అనే పేరు అందుకనే వచ్చింది.

ఆ కాయను ఎత్తునుంచి వదిలి చూడండి. రాయిలాగా నిలువునా పడదు. గాలిలో తేలుతూ, తిరుగుతూ కొంచెం దూరంపోయి పడుతుంది. మే, జూన్ నెలల్లో వానకు ముందు వచ్చే గాలిదుమారాలు ఈ కాయలను తల్లిచెట్టుకు దూరంగా మోసుకుపోతాయి. ఆ వెంటనే తొలకరి పడుతుంది, గింజ మొలుస్తుంది. పువ్వు ఫాల్గుణంలోనే ఎందుకు పూయాలో ఇప్పుడు చూడండి: అప్పుడు పూస్తేనే కాయ వానకు అందుతుంది.

ఇంకొక సంగతి. చెట్టునిండా వేల పువ్వులు పూస్తాయిగాని, వాటిలో కాయలయ్యేవి చాలా కొద్ది. ఎన్నో మీరే లెక్కపెట్టవచ్చు. చేతికి అందే కొమ్మ ఒకటి చూసుకుని, దానికి దారం కట్టి, ఆ కొమ్మమీద ఉన్న పువ్వులు లెక్కించి రాసుకోండి. నెలన్నర పోయినాక అదే కొమ్మకు ఎన్ని కాయలున్నవో లెక్కించండి. తేనెపిట్టల రాకపోకలు ఎక్కువగా ఉన్న చెట్టుకూ, ఒంటరిగా ఉన్న చెట్టుకూ తేడా ఉన్నదేమో చూడండి.

ఏ తేదీ రాయాలి?

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. మనం ఋతువులనూ, నెలలనూ చంద్రుణ్ణిబట్టి లెక్కపెడతాం. "కాముని పున్నమినాటికి మోదుగ నిండుగా పూసింది" అని రాసుకుంటే సరిపోదా? సరిపోదు. ఎందుకో చూడండి.

ఫాల్గుణ పున్నమి 2023లో మార్చి 7న వచ్చింది. 2024లో మార్చి 25న వచ్చింది. 2025లో మార్చి 14న, 2026లో మార్చి 3న వచ్చింది. పన్నెండు చంద్రమాసాలు కలిస్తే 354 రోజులే అవుతాయి. సూర్యుడి లెక్కకు ఏటా 11 రోజులు తక్కువ పడతాయి. ఆ లోటు పూడ్చటానికే రెండు మూడేళ్ళకు ఒకసారి అధికమాసం కలుపుతారు. అందువల్ల పున్నమి ఒకసారి వెనక్కూ, ఒకసారి ముందుకూ జరుగుతూ ఉంటుంది.

ఇప్పుడు ఒక పిల్లవాడు పున్నమినిబట్టే రాశాడనుకుందాం. చెట్టు ప్రతి ఏడూ సరిగ్గా ఒకే రోజున పూసినా, వాడి పుస్తకంలో 2024లో "పున్నమినాటికి పువ్వులు రాలిపోతున్నవి" అనీ, 2026లో "పున్నమినాటికి ఇప్పుడిప్పుడే పూస్తున్నవి" అనీ ఉంటుంది. అది చూసినవాడు చెట్టు మూడు వారాలు ఆలస్యం చేసిందనుకుంటాడు. ఆలస్యం చేసింది చెట్టు కాదు, ముందుకు వచ్చింది పున్నమి! చెట్టు చూసేది సూర్యుణ్ణి, చంద్రుణ్ణి కాదు. తాత చిన్నప్పటి కాముని పున్నమి ఏ తేదీన వచ్చిందో తెలియనిదే తాత మాట కూడా తేల్చలేం. అందుకని తిథి రాసుకున్నా రాసుకోండి, పక్కనే ఇంగ్లీషు నెల, తేదీ, సంవత్సరం తప్పక రాయండి.

పన్నెండు వందల ఏళ్ళ లెక్క

ఇట్లా రాసిపెట్టేవాళ్ళు ప్రపంచంలో ఎవరైనా ఉన్నారా? ఉన్నారు.

జపానులో క్యోటో అనే పాత రాజధాని ఉన్నది. అక్కడ చెర్రీచెట్లు పూసినప్పుడు జనం వేడుక చేసుకుంటారు. రాజాస్థానంలోని వాళ్ళూ, భిక్షువులూ తమ దినచర్యల్లో ఆ వేడుకల తేదీలు రాసుకునేవారు. వాళ్ళు శాస్త్రంకోసం రాయలేదు, జ్ఞాపకంకోసం రాసుకున్నారు. వాటిలో అన్నిటికంటె పాతది 812వ సంవత్సరానిది. ఇటీవలి శాస్త్రజ్ఞులు ఆ దినచర్యలన్నీ వెతికి తేదీలు వరుసగా పేర్చారు. పూర్వం ఏప్రిల్ నడుమ నిండుగా పూసే చెట్లు 2021లో మార్చి 26కే పూశాయి. అప్పటిదాకా పన్నెండు వందల ఏళ్ళ లెక్కలో అంత ముందుగా ఎన్నడూ పూయలేదు. ఆ మాట అంత గట్టిగా చెప్పగలిగారంటే, ఎప్పుడో చనిపోయిన మనుషులు ఒక పువ్వు తేదీ రాసిపెట్టబట్టే గదా!

ఇంగ్లండులో నార్‌ఫోక్ అనే ప్రాంతంలో రాబర్ట్ మార్షమ్ అనే పెద్దమనిషి ఉండేవాడు. ఆయన 1736నుంచి ఏటేటా ఓక్‌చెట్టు ఎప్పుడు చిగిర్చిందో, కోకిల ఎప్పుడు కూసిందో, కప్ప ఎప్పుడు అరిచిందో రాసుకుంటూ పోయాడు. ఆయన తరువాత పిల్లలూ, మనుమలూ, వాళ్ళ పిల్లలూ ఆ పనిని 1958 దాకా సాగించారు. వేడి ఎక్కువైన ఏడాది ఓక్‌చెట్టు ముందుగా చిగిరిస్తుందని ఆ పుస్తకాలనుంచి తెలిసింది. ఒక కుటుంబం చేసిన పని అది.

మన దేశంలో కూడా 2010నుంచి సీజన్‌వాచ్ అనే కార్యక్రమం నడుస్తున్నది. బడిపిల్లలూ, పెద్దలూ తలా ఒక చెట్టును ఎన్నుకుని, వారం వారం చూసి, దాని ఆకులూ, పువ్వులూ, కాయల సంగతి రాసి పంపుతారు. కేరళలో ఎన్నో బడులు ఇందులో పాలుపంచుకున్నాయి. మీ బడి కూడా చేరవచ్చు. చేరినా, చేరకపోయినా పుస్తకం మాత్రం మీ దగ్గర ఉండాలి.

మీ పుస్తకం

ఇదేమీ కష్టమైన పని కాదు. ఇట్లా చెయ్యండి.

ముందు చెట్టును ఎన్నుకోండి. ఇంటికీ బడికీ మధ్య, రోజూ కనబడే చెట్టయితే మంచిది. విస్తరాకులకోసమో, వంటచెరుకుకోసమో కొమ్మలు నరికే చెట్టును తీసుకోకండి. ఆకులు చెట్టు రాల్చిందో, కత్తి రాల్చిందో తెలియకుండా పోతుంది. మోదుగ లేకపోతే వేప, చింత, కానుగ, ఏదైనా సరే. కాని ఒకసారి ఎన్నుకున్న చెట్టును మార్చకండి. ఇవాళ ఒక చెట్టు, రేపు ఒక చెట్టు చూస్తే లెక్క కుదరదు.

వారానికి ఒక రోజు పెట్టుకోండి. ఆదివారం అనుకోండి, ప్రతి ఆదివారం చూడండి. పుస్తకంలో నిలువు గీతలు గీసి, పైన ఈ పేర్లు రాయండి: చిగురు, ముదురాకు, పండుటాకు, మొగ్గ, పువ్వు, పచ్చికాయ, ఎండుకాయ. మొదట తేదీకి ఒక గడి, చివర వింతలకు ఒక గడి ఉంచండి.

ఒక్కొక్క గడిలో ఒక్క అంకె రాస్తే చాలు. ఏమీ లేకపోతే 0. చెట్టుమీద మూడోవంతుకు తక్కువగా ఉంటే 1. అంతకు మించి ఉంటే 2. వింతల గడిలో "మొదటి తేనెపిట్ట వచ్చింది", "గాలివాన", "చెట్టు కింద మంట పెట్టారు" లాటివి రాయండి. నెలకొకసారి ఒకేచోట నిలబడి చెట్టు బొమ్మ గీయండి, లేదా ఇంట్లో ఫోను ఉంటే ఫోటో తీయించండి.

ముఖ్యమైన నియమం ఒకటున్నది. చూసిందే రాయాలి, చూడనిది రాయకూడదు. జ్వరం వచ్చి ఒక ఆదివారం పోలేకపోతే ఆ గడి ఖాళీగా వదిలెయ్యండి. ఊహించి నింపిన గడి పక్కనున్న నిజమైన గడులను కూడా పాడుచేస్తుంది. మార్పు లేని వారాల్లో "మళ్ళీ అదేనా!" అని విసుగు పుడుతుంది. అయినా రాయండి. వరుసగా పది సున్నాలు ఉంటేనే పదకొండోసారి వచ్చిన 1కి విలువ. మొగ్గ ఆ వారంలోనే పుట్టిందని అప్పుడే రుజువవుతుంది.

బీళ్ళవైపూ, అడవివైపూ ఒంటరిగా పోకండి, తోడు తీసుకుని పోండి. రాళ్ళ సందుల్లో చేతులు పెట్టకండి. కొమ్మ విరవకండి, ఆకు తుంచకండి. మీరు వచ్చింది చెట్టు దగ్గర సమాచారం తెలుసుకోవటానికి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ పుస్తకానికి మార్కులు రావు, పరీక్షలో ప్రశ్న రాదు. అయినా మీ పిల్లవాడు ఆదివారంపూట చెట్టు దగ్గరికి పోతానంటే అరగంట తీరిక చేసుకుని వెంట పోండి. మీ చిన్నప్పటి చెట్ల సంగతులు చెప్పండి, వాటిని కూడా ఇంకొక పేజీలో రాయించండి. పిల్లలు పెద్దచదువులకు ఊరు విడిచిపోతే, పుస్తకం తమ్ముడికో, చెల్లెలికో అప్పగించేట్టు చూడండి. మార్షమ్ ఇంట్లో జరిగింది అదే.

ఒక ఏడాది రాస్తే ఆ చెట్టు ఎట్లా బతుకుతున్నదో మీకు తెలుస్తుంది. మూడేళ్ళు రాస్తే, వాన తక్కువైన ఏడాదికీ, ఎక్కువైన ఏడాదికీ పువ్వులో ఏం తేడా వచ్చిందో చెప్పగలుగుతారు. పదేళ్ళు రాస్తే, ఆ చెట్టును గురించి ఏ విశ్వవిద్యాలయంలోనూ తెలియని సంగతులు మీ పుస్తకంలో ఉంటాయి. అప్పుడు ఎవరైనా "ఈ ఏడు మోదుగ ముందే పూసింది" అంటే, మీరు వాదన పెట్టుకోనక్కర లేదు. పుస్తకం తెరిచి తేదీ చూపిస్తే చాలు.

వచ్చే ఆదివారం మంచిరోజు. పుస్తకం, పెన్సిలు తీసుకుని, చెట్టును ఎన్నుకుని, మొదటి వరుస రాయండి.